వేగానికి వారసులు

ఆదుర్తి సుబ్బారావు అందరూ కొత్తవాళ్లతో తీసిన ‘తేనె మనసులు’ 1965లో విడుదలైంది. తెలుగులో తొలి రంగుల సాంఘిక చిత్రంగా సినిమా చరిత్రలు దాన్ని చెప్పుకుంటాయి. మనకిప్పుడు ఆ రంగులతో పని లేదు. అందులో కృష్ణ స్కూటర్ మీద ఒక కారును తరుముతారు. పక్కకు చేరాక స్కూటర్‌ను దాని ఖర్మానికి వదిలేసి కారు మీదికి దూకుతారు. డూప్‌ను పెట్టుకోలేదు. ఆ దృశ్యం చూసే నిర్మాత డూండీ ఆయన్ని తన తర్వాతి సినిమాకు ఎంచుకున్నారు. 1966లో ‘గూఢచారి 116’ వచ్చింది, తెలుగువాళ్లకు సొంత జేమ్స్‌బాండ్ దొరికాడు. కాలం గడిచాక ఆ నటుడే జూబ్లీహిల్స్‌లో పద్మాలయ స్టూడియోస్ కట్టించారు. 2022 నవంబర్‌లో ఆయన కన్నుమూసినప్పుడు కడచూపు కోసం అభిమానులు బారులు తీరింది అక్కడే.

ఒక గెంతు ఒక జీవితాన్ని మలుపు తిప్పిందనడంలో కొంత అతిశయోక్తి ఉండొచ్చు. ఆ గెంతులో ఉన్న భౌతికశాస్త్రం మాత్రం అచ్చంగా నిజం, పైగా చూసినంత భయంకరమూ కాదు. స్కూటరూ కారూ రెండూ గంటకు 40 కిలోమీటర్ల మీద పక్కపక్కనే పోతున్నాయనుకుందాం. దూకినవాడు అర సెకను గాల్లో ఉంటే, ఆ అర సెకనులో రోడ్డు వెంట అయిదున్నర మీటర్లు ముందుకు పోతాడు. కారూ అంతే దూరం పోతుంది. దారిన నిలబడి చూసేవాడికి గుండె ఝల్లుమంటుంది గానీ, దూకినవాడి లెక్కలో అది ఒక అరుగు మీంచి పక్కింటి అరుగు మీదికి గెంతడమే. దూకేవాడు స్కూటర్‌ను వదిలినా, స్కూటర్ ఇచ్చిన వేగం వాణ్ని వదలదు.

అసలు గండం వేరే చోట ఉంది. దూకాలంటే కాలితో స్కూటర్‌ను తన్నాలి. వంద కిలోల బండి ఆ తాపుకు అవతలికి జారిపోతుంది, తన్నిన బలంలో కొంత దాని పాలవుతుంది. గోదావరి రేవుల్లో పడవ మీంచి గట్టు మీదికి అంగ వేయబోయి నీళ్లలో కూలబడ్డవాళ్లెవరినైనా అడగండి, ఈ సూత్రాన్ని న్యూటన్ కంటే బాగా చెబుతారు. రెండో గండం, ఆ అర సెకనులో కారు డ్రైవరు కంగారుపడి బ్రేకు మీద కాలు వేయడం. రెండు బండ్ల వేగాలూ కలిసినంతసేపూ ఏ భయమూ లేదు, తేడా వచ్చిందా, ఆ తేడా మొత్తం దూకినవాడి ఎముకల మీద పడుతుంది.

ఈ పాఠం హైదరాబాదులో సినిమా వాళ్లకే కాదు, ఆర్టీసీ బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడిన ప్రతివాడికీ తెలుసు. “పోయే వైపు మొహం పెట్టి దిగు, దిగాక నాలుగడుగులు ఉరుకు” అని పెద్దవాళ్లు చెప్పేవారు. నిజానికి లెక్క ప్రకారం వెనక్కి దూకడమే మేలు. బస్సు వేగంలోంచి మన దూకుడు వేగం తీసివేత అవుతుంది, నేలను తాకేటప్పుడు మిగిలే వేగం తగ్గుతుంది. మరి ముందుకు దిగమంటారెందుకు? పాదం నేలకు తగిలి ఆగుతుంది, నడుము పైభాగం ఆగదు. ముందుకు తూలితే కాలు ముందుకు వేసి ఉరుకుతూ నిలదొక్కుకోవచ్చు, చేతులైనా అడ్డం పెట్టుకోవచ్చు. వెనక్కి తూలితే వెనక్కి ఉరకడం మనిషి కాళ్లకు చేతకాదు, నేలకు తగిలేది తలకాయ. రష్యాలో యాకొవ్ పెరెల్‌మాన్ 1913లో తొలిసారి అచ్చువేసిన వినోద భౌతికశాస్త్రంలో ఈ చిక్కుముడే విప్పి చూపించాడు. సామానైతే వెనక్కే విసరమన్నాడు, దానికి తలకాయ లేదు కాబట్టి. సోవియట్ పుస్తకాల కాలంలో ఆ పుస్తకం తెలుగులోకీ వచ్చింది. మా తరంలో చాలామందికి ఫుట్‌బోర్డు ముందు, పెరెల్‌మాన్ తర్వాత.

చిక్కుముడి మాత్రం ఆయనకంటే చాలా పాతది. క్రీ.శ. 499లో రాసిన ‘ఆర్యభటీయం’లో ఆర్యభటుడు ఒక పడవ ప్రయాణికుణ్ణి చూపిస్తాడు. పడవ ముందుకు పోతుంటే అతనికి గట్టు మీది చెట్లు వెనక్కి పోతున్నట్టు కనిపిస్తాయి. నక్షత్రాలు పడమటికి పోతున్నట్టు కనిపించడమూ అలాంటిదేనని ఆయన మాట, అంటే తిరిగేది భూమి. ఇది వినడానికి ఎంత సొగసుగా ఉందో, నమ్మడానికి అంత కష్టమైంది. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు పక్షుల్ని అడ్డం తెచ్చాడు. భూమి తిరుగుతుంటే ఆకాశంలోకి ఎగిరిన పక్షి మళ్లీ తన గూటికి ఎలా చేరుతుందన్నాడు. 628లో బ్రహ్మగుప్తుడు ఎత్తయినవి కూలిపోవేమని అడిగాడు. లల్లుడు పైకి వేసిన బాణం పడమటనెక్కడో పడాలి కదా అన్నాడు. ఆర్యభటుడి వ్యాఖ్యాతల్లోనే కొందరు ఆ పడవ శ్లోకానికి వేరే అర్థం చెప్పి సర్దుకున్నారు. 19వ శతాబ్దంలో కోదండరాముడనే పండితుడు తెలుగులో వ్యాఖ్య రాసేదాకా కూడా ఆ గ్రంథాన్ని మనవాళ్లు చదువుతూనే ఉన్నారు.

వరాహమిహిరుడి ప్రశ్నను తీసిపారేయకూడదు. ఫిలింనగర్ దైవసన్నిధానం ముందు నిలబడి ఎవరైనా దాదాపు అడుగెత్తు గెంతారనుకోండి, అర సెకను గాల్లో ఉంటారు. హైదరాబాదు ఉన్న అక్షాంశం దగ్గర నేల తూర్పుకు గంటకు దాదాపు 1,600 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది. ఆ అర సెకనులో గుడి 220 మీటర్లు తూర్పుకు జరిగిపోవాలి, గెంతినవాడు పడమటి వీధిలో ఎవరింటి గోడకో గుద్దుకోవాలి. గుద్దుకోడు. ఎందుకు గుద్దుకోడో చెప్పగలిగే మాట ఆ కాలంలో ఏ శాస్త్రంలోనూ లేదు. కదిలే దాని మీద ఉన్నవాడు దాని వేగానికి వారసుడనీ, కాళ్లు నేలను విడిచినా ఆ ఆస్తి పోదనీ స్పష్టంగా చెప్పినవాడు గెలీలియో. 1632లో అచ్చయిన సంభాషణల గ్రంథంలో ఓడ గదిలో సీతాకోకచిలుకల్ని ఎగరనిచ్చాడు, సీసాలోంచి నీటిచుక్కల్ని కింది పాత్రలోకి రాల్చాడు. ఓడ ఆగి ఉన్నా నిలకడగా సాగుతున్నా లోపల ఏ తేడా తెలియదన్నాడు. 1640లో ఫ్రెంచి పండితుడు గసెండి మార్సెయ్ రేవులో తెడ్లతో నడిచే ఓడ తెరచాప కొయ్య మీంచి రాళ్లు వదిలి చూపించాడు. ఓడ సాగుతున్నా అవి కొయ్య మొదట్లోనే పడ్డాయి.

నిలకడగా సాగే వేగం ఒంటికి తెలియదు. తెలిసేదల్లా దాని మార్పు: కుదుపు, మలుపు, బ్రేకు. గెలీలియో ఈ సంగతి ప్రకృతిని అర్థం చేసుకోవడానికి వాడుకుంటే, సినిమా దీంతో కడుపు నింపుకుంది.

మద్రాసు స్టూడియోల కాలంలో కారు ప్రయాణమంటే చాలావరకు సెట్టులోనే. ముందే తీసి పెట్టుకున్న రోడ్డు బొమ్మను, అంటే ప్లేటును, తెర వెనకనుంచి ప్రొజెక్టర్‌తో వేస్తారు. తెర ముందు కారు, కారులో నాయకుడూ నాయికా. బ్యాక్ ప్రొజెక్షన్ అనేవారు దాన్ని. ప్రొజెక్టర్ రెప్పా కెమెరా రెప్పా ఒకేసారి తెరుచుకోవాలి, లేకపోతే రోడ్డు మిణుకుమిణుకుమంటుంది. ఆర్యభటుడి పడవను తిరగేసి నిలబెట్టడమే ఇది. అక్కడ పడవ కదిలి గట్టు కదిలినట్టు కనిపిస్తే, ఇక్కడ గట్టును కదిలించి పడవ కదిలినట్టు చూపిస్తారు. సాగే వేగం ఒంటికి తెలియనిది కాబట్టి నటీనటులు దాన్ని నటించనక్కరలేదు. నటించాల్సింది కుదుపు. అందుకే బంపర్ దగ్గర ఇద్దరు కుర్రాళ్లు కూర్చుని కారును పైకీ కిందికీ నొక్కుతుండేవారు. రాత్రి దృశ్యమైతే ఇంకొకడు లైటు ముందు కొమ్మ తిప్పుతూ ముఖాల మీద నీడలు పరిగెత్తించేవాడు.

ఇంత శ్రమ పడ్డా పాత సినిమాల్లో ఆ మోసం ఎక్కడ దొరికిపోతుందో గమనించండి. వేగం దగ్గర కాదు, మలుపు దగ్గర. వెనక తెర మీద ఘాట్ రోడ్డు ఎడమకు తిరుగుతుంది, కథానాయకుడు స్టీరింగు గిరగిరా తిప్పుతాడు, పక్కన కూర్చున్న నాయిక మాత్రం నిటారుగా, రుబ్బురోలులో పొత్రంలా కదలకుండా ఉంటుంది. నిజం కారైతే ఎడమ మలుపులో ఆమె భుజం కుడివైపుకు ఒరగాలి. ఆమె ఒళ్లు తిన్నగా పోదామంటుంది, సీటు మాత్రం ఎడమకు లాగుతుంది. ప్రేక్షకుడికి ఈ మాటలేవీ తెలియనక్కర్లేదు. బస్సులో మలుపు తిరిగినప్పుడల్లా పక్కవాడి మీద పడిన అనుభవం ఉంది చాలు, తెర మీద ఏదో తేడాగా ఉందని ఒళ్లే చెప్పేస్తుంది.

పరిశ్రమ హైదరాబాదుకు తరలిన కథ చాలామంది రాశారు, రెండు మాటలు చాలు. మద్రాసు నుంచి ముందే వచ్చేసిన అక్కినేని నాగేశ్వరరావు 1976లో బంజారాహిల్స్ బండరాళ్ల మధ్య అన్నపూర్ణ స్టూడియోస్ తెరిచారు. తర్వాత పద్మాలయ వచ్చింది, 1989లో రామానాయుడు స్టూడియోస్ వచ్చింది. ఫిలింనగర్ గుట్టల మీద ఫిలిం ఛాంబరూ ఇళ్లూ ఆఫీసులూ లేచాయి. ఆ ఎగుడుదిగుడు రోడ్ల మీద ఆటోలో ఒకసారి జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాకా దిగి వస్తే చాలు, జడత్వం మీద ఇంకే ఉపన్యాసమూ వినక్కర్లేదు.

2005లో త్రివిక్రమ్ దర్శకత్వంలో ‘అతడు’ వచ్చింది. తండ్రి కృష్ణ స్కూటర్ మీంచి కారు మీదికి దూకిన నలభై ఏళ్లకు కొడుకు మహేశ్‌బాబు పోలీసుల్ని తప్పించుకుని మేడ మీంచి పోతున్న రైలు మీదికి దూకాడు. ఇద్దరివీ ఒకేలాంటి సాహసాలని పొరబడతాం. భౌతికశాస్త్రం దృష్టిలో రెండూ పూర్తిగా వేరు. తండ్రి దూకింది తనతో సమానంగా పరిగెత్తే కారు మీదికి. మేడ కదలదు, రైలు కదులుతుంది.

రైలు గంటకు 36 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 10 మీటర్లు పోతోందనుకుందాం. మూడు మీటర్ల కిందికి పడినవాడికి నిలువుగా గంటకు 28 కిలోమీటర్ల వేగం ఉంటుంది. దాన్ని మోకాళ్లు వంచి ఓర్చుకోవచ్చు. చిక్కంతా అడ్డంగా. పాదం పెట్టెకు తగలగానే పెట్టె దాన్ని ముందుకు లాక్కుపోతుంది, మొండెం మాత్రం మేడ దగ్గరే ఉండిపోవాలని చూస్తుంది. వాడు వెల్లకిలా పడి పెట్టె మీద వెనక్కి జారతాడు. బరువులో సగం మేర ఘర్షణ దొరికితే పది మీటర్లు జారాక రైలు వేగం అందుకుంటాడు. అది దాదాపు సగం పెట్టె పొడవు. మేడ మీద రైలు పోయే వైపే సెకనుకు అయిదు మీటర్ల చొప్పున పరిగెత్తి దూకితే తేడా సగమవుతుంది, జారుడు రెండున్నర మీటర్లకు, అంటే నాలుగో వంతుకు తగ్గుతుంది. ఇలాంటి షాట్లకు ఫైట్ మాస్టర్లు రోపు కడతారు. పైనుంచి పడకుండా కాపాడటానికే రోపు అనుకుంటాం. మనిషికి లేని అడ్డం వేగాన్ని అప్పు ఇవ్వడం కూడా దాని పనే.

ఇదే ప్రేక్షకుడు 2003లో ‘పల్నాటి బ్రహ్మనాయుడు’లో బాలకృష్ణ తొడగొడితే రైలు వెనక్కి పోవడం చూసి ఇరవై ఏళ్లుగా నవ్వుతున్నాడు. వెయ్యి టన్నులు దాటే ఎక్స్‌ప్రెస్ రైలు మంచి వేగంలో ఉంటే బ్రేకులన్నీ వేసినా కిలోమీటరు దాకా ఆగదన్న సంగతి సరే. నాకు మాత్రం ఆ రైల్లో పైబెర్తు మీద పడుకున్నవాళ్ల గురించే దిగులు. రైలు దిశ మార్చుకుంది గానీ వాళ్ల ఒళ్లు మార్చుకోలేదు కదా. అయినా ‘అతడు’ గెంతును ఒప్పుకున్నవాడు ఈ రైలును ఒప్పుకోడు. రెండింటిలోనూ సూత్రం చెడింది, కానీ తొడ చప్పుడుకూ రైలుకూ మధ్య తాడు లేదు. ఫలితం ఎంత వింతైనా ప్రేక్షకుడు సర్దుకుంటాడు, కారణం లేకపోతేనే వాడికి కోపం.

కెమెరా వేగం మరో రకం మాయ. తెర మీద బొమ్మ సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నడుస్తుంది. 16 ఫ్రేములతో తీసి 24తో చూపిస్తే 40 కిలోమీటర్ల కారు 60తో పోతున్నట్టు కనిపిస్తుంది. పాత ఛేజింగులన్నింటికీ ఇదే ఆసరా. కానీ అదే షాట్‌లో ఎవడైనా కారు మీంచి పడితే గుట్టు రట్టవుతుంది. వేగం ఒకటిన్నర రెట్లయితే, పడే తీరులో కనిపించే గురుత్వం దాని వర్గం మేరకు, అంటే రెండుంపావు రెట్లు పెరుగుతుంది. మనిషి పడినట్టుండదు, ఎవరో కాళ్లు పట్టి కిందికి గుంజినట్టుంటుంది. తిరగేస్తే స్లోమోషన్. సెకనుకు దాదాపు 60 ఫ్రేములతో తీసిన గెంతును తెర మీద చూస్తే, అది చంద్రుడి మీద గెంతినట్టే ఉంటుంది, గురుత్వం ఆరో వంతుకు పడిపోతుంది. మన కథానాయకులు నాలుగు దశాబ్దాలుగా ఎక్కువ భాగం చంద్రుడి మీదే పోరాడుతున్నారనవచ్చు.

‘సమరసింహారెడ్డి’ 1999లో తెరిచిన ఫ్యాక్షన్ దారిలో టాటా సుమోలు గాల్లోకి లేవడం ఒక ఆచారమైంది. బండి అడుగున బిగించిన గొట్టంలోంచి ఒత్తిడితో ఒక దుంగ నేలను తన్నుతుంది, నేల బండిని తిరిగి తన్నుతుంది, అంతే. మూడు మీటర్లు లేచిన సుమో పైకి పోయి కిందికి రావడానికి ఒకటిన్నర సెకను పడుతుంది. నాలుగు రెట్ల ఫ్రేములతో తీస్తే థియేటర్లో అది ఆరు సెకన్లు, ఈలలకు సరిపడా సమయం. ఆ ఒకటిన్నర సెకనూ లోపల సీటు మీద బొమ్మ ఉంటే దానికి బరువు ఉండదు. ఎగిరే సుమో, పడే లిఫ్టు, రెండూ ఒకటే. 1907లో ఐన్‌స్టైన్ ఇంటికప్పు మీంచి పడేవాడికి తన బరువు తెలియదన్న ఆలోచన దగ్గర ఆగిపోయాడు, సాధారణ సాపేక్ష సిద్ధాంతం అక్కడినుంచే మొదలైంది. తెగిన లిఫ్టు నేలను తాకే ముందు గెంతితే బతుకుతామా అని పిల్లలు అడుగుతారు. ఇరవై మీటర్లు పడ్డ లిఫ్టు సెకనుకు 20 మీటర్ల వేగంలో ఉంటుంది, మన గెంతు తగ్గించేది రెండున్నర మీటర్లే.

2019 నాటి ‘సాహో’లో ప్రభాస్ ముందు బ్యాగును లోయలోకి విసిరి, తర్వాత తాను దూకి, గాల్లో దాన్ని అందుకుంటాడు. జనం దీన్నీ నవ్వుల్లోకి నెట్టారు. నవ్వినవాళ్లు గెలీలియోను సగమే చదివారని నా అభిప్రాయం. గాలి లేని చోట ముందు పడ్డ వస్తువును వెనక పడ్డవాడు ఎప్పటికీ అందుకోలేడు, నిజమే. రెండు సెకన్లు ఆలస్యంగా దూకితే అప్పటికే ఇరవై మీటర్ల ఎడం ఉంటుంది, ఆ తర్వాత సెకనుకు ఇరవై మీటర్ల చొప్పున పెరుగుతుంది. కానీ లోయలో గాలి ఉంది. విమానాల్లోంచి దూకేవాళ్లు బోర్లా పరుచుకుని పడితే గంటకు 200 కిలోమీటర్ల దగ్గర వేగం నిలిచిపోతుంది, తలకిందులుగా నిటారుగా పడితే 250 దాటుతుంది. తేలికైన, వెడల్పాటి బ్యాగు అంతకంటే చాలా ముందే నెమ్మదిస్తుంది. తల కిందికి పెట్టి దూసుకుపోతే అందుకోవచ్చు, లోయ కొన్ని వందల మీటర్ల లోతుంటే చాలు. సినిమా తప్పు చేసిందల్లా సమయం దగ్గర, సూత్రం దగ్గర కాదు.

వరాహమిహిరుడి పక్షికి సిసలైన జవాబు మాత్రం రాజమౌళి 2012లో తీసిన ‘ఈగ’లో ఉందంటే ఆయన ఒప్పుకుంటారో లేదో. ఆ ఈగ కారులో దూరి విలన్ సుదీప్‌ను ముప్పుతిప్పలు పెడుతుంది, ప్రమాదం చేయిస్తుంది. 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారులో ఈగ సీటునూ స్టీరింగునూ ముట్టకుండా గాల్లో నిలబడితే, వెనక అద్దం వచ్చి దాన్ని ఎందుకు కొట్టదు? కారులోని గాలి కూడా కారుతోనే పోతోంది, ఈగ ఆ గాలిలో ఈదుతోంది. వరాహమిహిరుడి డేగ భూమి గాలిలో ఈదినట్టే. అద్దాలు దించితే కథ మారుతుంది. బ్రేకు వేసినా మారుతుంది, కానీ అంత చిన్న ప్రాణానికి గాలే పరుపు, రెక్క ఒకసారి విదిలించి సర్దుకుంటుంది. దీనికి తోబుట్టువు లాంటి చిక్కు ఒకటుంది. నెక్లెస్ రోడ్డు మీద పిల్లలకు గ్యాస్ బెలూన్ కొనిచ్చి కారెక్కండి. బ్రేకు వేస్తే అందరూ ముందుకు తూలుతారు, బెలూన్ ఒక్కటి వెనక్కి పోతుంది. బరువైన గాలి ముందుకు తోసుకొచ్చి తేలికైన దాన్ని వెనక్కి నెట్టేస్తుంది. పిల్లలు పదిసార్లు బ్రేకు వేయమంటారు, వెనక బండివాడు హారన్ కొట్టేదాకా.

2022లో అన్నపూర్ణ స్టూడియోస్, క్యూబ్ సంస్థ కలిసి వర్చువల్ ప్రొడక్షన్ స్టేజ్ ప్రారంభించాయి, అక్కినేని పేరుతోనే. ప్లేటూ ప్రొజెక్టరూ పోయి, వాటి స్థానంలో పెద్ద ఎల్‌ఈడీ గోడ వచ్చింది. కెమెరా జరిగితే గోడ మీది లోకం కూడా దానికి తగ్గట్టు వంపు తిరుగుతుంది. కారు అద్దాల మీద రోడ్డు దీపాలు వాటంతటవే పరిగెడతాయి, కొమ్మ తిప్పే మనిషి అక్కర్లేదు. గోడ మీద రోడ్డు ఎడమకు మళ్లితే కారులో ఉన్నవాళ్లు మాత్రం ఇప్పటికీ తమంతట తామే కుడికి ఒరగాలి. గతుకు వచ్చిన చోట చక్రం కింద కర్ర పెట్టి కారును ఎవరో ఒకరు ఊపాలి.